పాత ఫోను విలువే కొత్త ఫోనుకు బలం

న్యూఢిల్లీ: ఖరీదైన స్మార్ట్‌ఫోను కొనడానికి దుకాణానికి వచ్చేవారు ఇప్పుడు రెండు ధరలు అడుగుతున్నారు. కొత్త ఫోను ఎంత అన్నది మొదటి ప్రశ్న. చేతిలో ఉన్న పాత ఫోనుకు ఎంత ఇస్తారన్నది రెండోది. కొనాలా, వాయిదా వేయాలా అన్న నిర్ణయం చాలాసార్లు రెండో జవాబును బట్టే ఉంటోంది. అయినప్పటికీ, వాడిన ఫోన్ల మార్కెట్ కొత్త ఫోన్ల అమ్మకాలకు గండి కొడుతోందన్న అభిప్రాయమే ఎక్కువగా వినిపిస్తుంది. వాస్తవం అంత సూటిగా లేదు.

పరిశోధన సంస్థ ఐడీసీ లెక్కల ప్రకారం 2021లో దేశీయ మార్కెట్‌కు సుమారు 16.1 కోట్ల కొత్త స్మార్ట్‌ఫోన్లు సరఫరా అయ్యాయి. 2022లో ఆ సంఖ్య 14.4 కోట్లకు పడిపోయింది. 2024లో 15.1 కోట్లకు చేరినా పాత స్థాయిని అందుకోలేదు. అయితే అదే కాలంలో సగటు ధర పెరిగింది, ఖరీదైన ఫోన్ల వాటా విస్తరించింది. ఆపిల్ ఒక్కటే 2024లో సుమారు 1.2 కోట్ల ఐఫోన్లను సరఫరా చేసింది. వాడిన ఫోన్ల వ్యాపారం సంస్థాగత రూపం సంతరించుకున్నదీ ఈ కాలంలోనే. పాత ఫోన్లను బాగుచేసి విక్రయించే యాంత్రాను ఫ్లిప్‌కార్ట్ 2022 జనవరిలో కొనుగోలు చేసింది. ఒకటి పెరిగితే మరొకటి తగ్గాలన్న సూత్రం ఇక్కడ పనిచేయలేదు.

కారణం తిరిగి అమ్మితే వచ్చే విలువలో ఉంది. ఉదాహరణకు రూ.80,000 పెట్టి కొన్న ఫోను రెండేళ్ల తర్వాత రూ.40,000 పలికిందనుకుందాం. వినియోగదారునికి పడిన అసలు ఖర్చు రూ.40,000. మరొకరు రూ.30,000కు కొన్న ఫోనుకు రెండేళ్ల తర్వాత రూ.8,000 మాత్రమే వస్తే, వారి ఖర్చు రూ.22,000. కొన్నప్పుడు రూ.50,000గా కనిపించిన తేడా చివరికి రూ.18,000కు తగ్గింది. పాత ఫోనుకు మంచి ధర దొరుకుతుందన్న భరోసాయే కొనుగోలుదారును పై శ్రేణికి తీసుకెళుతోంది. మిగిలిన మొత్తానికి నెలవారీ వాయిదాలు ఎటూ ఉన్నాయి.

భారత్‌కు సంబంధించి మరో ప్రత్యేకత ఉంది. విదేశాల్లో వాడిన ఐఫోన్లను దిగుమతి చేసి ఇక్కడ విక్రయించడానికి ఆపిల్ చేసిన ప్రతిపాదనను కేంద్రం 2016లో తిరస్కరించింది. ఈ పరిస్థితుల్లో ఇక్కడి పాత ఫోన్ల మార్కెట్ ప్రధానంగా దేశంలో అమ్ముడైన ఫోన్ల మీదే ఆధారపడాలి. ముందు ఎవరో కొత్తది కొంటేనే తర్వాత మరొకరికి పాతది దొరుకుతుంది.

మరి నష్టం ఎవరికి? మధ్యశ్రేణి కొత్త ఫోన్లకు. చేతిలో రూ.25,000 ఉన్న వ్యక్తి ముందు ఇప్పుడు రెండు దారులున్నాయి: కొత్త మధ్యశ్రేణి ఫోను, లేదా రెండు మూడేళ్లు వాడిన ఖరీదైన ఫోను. గూగుల్ 2023లో పిక్సెల్ 8కు, శాంసంగ్ 2024లో గెలాక్సీ ఎస్24కు ఏడేళ్ల సాఫ్ట్‌వేర్ నవీకరణలు ప్రకటించాక రెండో దారికి ఆకర్షణ పెరిగింది. మూడేళ్లు వాడిన ఫోనులోనూ మరో నాలుగేళ్ల ఆయుష్షు మిగిలే ఉంటుంది.

అయితే ఈ హామీకి మరో కోణం ఉంది. ఏడేళ్లు పనిచేసే ఫోనును రెండేళ్లకే మార్చాల్సిన అవసరం మొదటి యజమానికీ ఉండదు. ఖరీదైన కొత్త ఫోన్ల అమ్మకాలు మందగిస్తే, దానికి అసలు పోటీ సెకండ్‌హ్యాండ్ దుకాణం కాదు, యజమాని జేబులో ఇంకా చక్కగా పనిచేస్తున్న ఫోనే.

ఈ గొలుసు మొత్తం నమ్మకం మీద నడుస్తోంది. అమ్మేవారికి తెలిసిన లోపాలు కొనేవారికి తెలియనప్పుడు మంచి వస్తువుకూ సరైన ధర దక్కదని ఆర్థికవేత్త జార్జ్ అకర్లాఫ్ 1970లోనే వాడిన కార్ల ఉదాహరణతో వివరించారు. హైదరాబాద్ జగదీశ్ మార్కెట్‌కైనా, ఢిల్లీ గఫార్ మార్కెట్‌కైనా అదే వర్తిస్తుంది. పాతది, వాడినది, పునరుద్ధరించినది అన్న మాటలు బోర్డుల మీద కలగలిసిపోతాయి. బ్యాటరీ ఎంత అరిగింది, తెర అసలుదేనా, ఫోను దొంగిలించినదా అన్నవి కంటికి కనిపించవు. ఫోను మీదే జీవనోపాధి ఉన్న డెలివరీ కార్మికుడు తెలియక చోరీ ఫోను కొంటే, అది బ్లాక్ అయిన రోజున పెట్టిన డబ్బుతోపాటు పనీ పోతుంది.

ప్రభుత్వ చర్యలు ఈ దిశగానే సాగుతున్నాయి. పోయిన ఫోన్లను బ్లాక్ చేయించే సదుపాయం 2023 మేలో సంచార్ సాథీ పోర్టల్ ద్వారా దేశవ్యాప్తంగా అందుబాటులోకి వచ్చింది. ఫోను గుర్తింపు సంఖ్య ఐఎంఈఐని తారుమారు చేస్తే మూడేళ్ల వరకు జైలు, రూ.50 లక్షల వరకు జరిమానా లేదా రెండూ విధించేందుకు 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం వీలు కల్పించింది. వాడిన ఫోన్ల వ్యాపారులు ఆ సంఖ్యను కేంద్ర డేటాబేస్‌తో సరిచూడటాన్ని 2025 అక్టోబరులో సవరించిన నిబంధనలు తప్పనిసరి చేశాయి. సామాన్య కొనుగోలుదారు సైతం కేవైఎం అని టైప్ చేసి, ఖాళీ వదిలి ఐఎంఈఐ సంఖ్యను 14422కు సందేశంగా పంపి వివరాలు తెలుసుకోవచ్చు.

పన్ను విధానమూ సక్రమ వ్యాపారానికి అనుకూలంగానే ఉంది. కొత్త ఫోన్లపై జీఎస్‌టీ 2020 ఏప్రిల్ 1 నుంచి 18 శాతం. వాడిన వస్తువుల నమోదిత వ్యాపారి ఇన్‌పుట్ పన్ను రాయితీ తీసుకోకపోతే లాభాంశంపైనే పన్ను కట్టవచ్చు. రూ.40,000కు కొన్న ఫోనును పన్ను కాకుండా రూ.46,000కు అమ్మితే, పన్ను పడేది రూ.6,000పైనే.

ఇక మిగిలింది అమలు. పెద్ద వేదికలు తనిఖీ పత్రం, వారంటీ ఇవ్వగలవు. చిన్న దుకాణదారుకు తనిఖీ సులభంగా, చౌకగా అందకపోతే వ్యాపారం రసీదు లేని చేతులకే మళ్లుతుంది. అప్పుడు పాత ఫోను ధర పడిపోతుంది. దాని ప్రభావం మొదట రెండో కొనుగోలుదారుపైన, ఆ తర్వాత ఖరీదైన కొత్త ఫోన్ల అమ్మకాలపైనా పడుతుంది. అందువల్ల రెండో కొనుగోలుదారుకు రక్షణ కల్పించడం కొత్త ఫోన్ల తయారీదారులకూ అవసరమే.