టీవీలో శిక్ష పడిపోయాక కోర్టుతో పనేముంది?



తిరువూరులో బెజవాడ బస్సెక్కితే మైలవరం, కొండపల్లి దాటాక ఇబ్రహీంపట్నం వస్తుంది. 2007 డిసెంబరులో అక్కడి హాస్టల్లో ఓ విద్యార్థినిని చంపేశారు. 2008లో నందిగామ వైపు దళిత కుర్రాడిని పట్టుకొచ్చి ఇతనే హంతకుడన్నారు. (ఇద్దరి పేర్లూ రాయను, టీవీలు చాలినన్నిసార్లు అరిచాయి.) ఇతను కాదని ఆ అమ్మాయి కన్నతల్లే మొత్తుకుంది. 2010లో శిక్ష పడింది. 2017 మార్చి 31న హైకోర్టు నిర్దోషి అని వదిలేసి, లక్ష రూపాయలు ఇమ్మంది. ఎనిమిదేళ్ల జైలుకి లక్ష!

‘దొరికాడు’ అన్న వార్త ఊరూరా తిరిగింది. ‘నిర్దోషి’ అన్నది ఎంతమందికి తెలుసు? ముందే టీవీలో శిక్ష వేసేస్తే, రేపు సాక్ష్యం లేదని జడ్జి వదిలేసినా ‘అమ్ముడుపోయాడు’ అంటాం. కోర్టు మీద నమ్మకం పోయేది అక్కడే.

అదే 2007 ఆగస్టులో పాడేరు ఏజెన్సీలోని వాకపల్లిలో 11 మంది ఆదివాసీ ఆడబిడ్డలు గ్రేహౌండ్స్ పోలీసులు తమపై అత్యాచారం చేశారన్నారు. విచారణ మొదలవడానికే పదేళ్లు దాటింది. 2023 ఏప్రిల్ 6న పోలీసులంతా నిర్దోషులన్నారు. దర్యాప్తు సరిగ్గా జరగలేదనీ, ఆ మహిళలకు పరిహారం ఇవ్వాలనీ చెప్పింది కూడా ఆ కోర్టే. ఆ రాత్రి ఎన్ని చానళ్లలో చర్చ చూశారు?

ముసుగేసి నిలబెట్టిన కుర్రాడి వీడియో మళ్లీ వస్తే ఫార్వర్డ్ చెయ్యకండి. లాయరున్నాడా అని అడగండి. మన ఎస్టీలకి ఆదాయంతో పనిలేకుండా ప్రభుత్వమే లాయర్ని ఇవ్వాలి, అది చట్టం. న్యాయసేవాధికార సంస్థలో దరఖాస్తు పెడదాం, మేమూ తోడొస్తాం.