గొట్టం ఎవరు పట్టుకోవాలి?

అలాస్కా వెళ్ళొచ్చిన తెలుగువాళ్ళ ఫోటోలు మీరూ చూసే ఉంటారు. మంచు కొండలు, రోడ్డు దాటుతున్న మూస్, ఆర్వీ ముందు వరసగా నిలబడి రెండు వేళ్ళు చూపిస్తున్న పిల్లలు. నేనూ పెట్టాను అలాంటివే ఓ నూట ఇరవై. ఆ ఆల్బమ్‌లో లేని ఒక్క ఫోటో గురించి ఇప్పుడు చెప్తాను. చదివాక నా స్నేహితులు కొందరికి కోపం రావచ్చు. రానివ్వండి.

రెండు కుటుంబాలం, ముప్పై అడుగుల ఆర్వీ, జూన్ నెల. సీవర్డ్‌లో రెండు రోజులుండి మూడో రోజు పొద్దున్న డెనాలీ పార్కుకి బయల్దేరాం. యాంకరేజ్ నుంచే సుమారు 240 మైళ్ళు. బండిలో రైస్ కుక్కర్, మిక్సీ, ఇరవై పౌన్ల సోనా మసూరి, మూడు రకాల పచ్చళ్ళు. ఒక మలుపులో ఫ్రిజ్ తలుపు ఊడొచ్చి సాంబారు గిన్నె కాస్తా కార్పెట్ మీద పడింది. అరగంట తుడుచుకున్నాం. అది ఆడవాళ్ళే తుడిచారు లెండి. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

అలాస్కాలో రెండు లేన్ల రోడ్డు మీద మన వెనక ఐదు వాహనాలు ఇరుక్కుపోతే, పక్కకి తీసి వాళ్ళకి దారివ్వాలని చట్టం. మా మిత్రుడు డ్రైవింగు. అద్దంలో లెక్కపెడితే పదకొండు. "ఆపితే టైం వేస్టు మామా, సాయంత్రంలోపు డెనాలీ కవర్ చెయ్యాలి" అన్నాడు. కవర్ చెయ్యడం! 60 లక్షల ఎకరాల పార్కుని, 20,310 అడుగుల కొండని మనవాడు కవర్ చేస్తాడట. దారిలో వ్యూపాయింట్ దగ్గర ఆగితే కొండంతా మబ్బు. మబ్బునే ఫోటోలు తీసుకుని పది నిమిషాల్లో బండెక్కాం. (2025లో ఫెడరల్ ప్రభుత్వం ఆ కొండకి మళ్ళీ మెకిన్లీ అని పేరు పెట్టింది. పార్కు పేరు డెనాలీయే. స్థానిక అథబాస్కన్ల మాట అది, ఎత్తయినది అని అర్థం.)

సాయంత్రం పార్కు ముఖద్వారం దగ్గరున్న రైలీ క్రీక్ క్యాంప్‌గ్రౌండ్ చేరాం. ఆర్వీ ప్యానెల్ మీద ఎర్ర దీపం: బ్లాక్ ట్యాంక్ ఫుల్.

ఆర్వీ ఎక్కనివాళ్ళ కోసం చిన్న వివరణ. బండి కింద రెండు ట్యాంకులుంటాయి. స్నానం, గిన్నెల నీళ్ళది గ్రే. టాయిలెట్‌ది బ్లాక్. డంప్ స్టేషన్ దగ్గర బండి ఆపి, గ్లవ్స్ వేసుకుని, గొట్టం ఒక కొస బండికి, రెండోది నేలలో ఉన్న కన్నానికి బిగించి, ముందు బ్లాక్ వాల్వ్ తియ్యాలి. అది ఖాళీ అయ్యాక గ్రే వాల్వ్ తీస్తే ఆ నీళ్ళకి గొట్టం కడిగినట్టవుతుంది. మహా అయితే పావుగంట పని. చేతికేమీ అంటదు.

ఈ పావుగంట పని కోసం ఇద్దరు సీనియర్ ఇంజనీర్లం నలభై నిమిషాలు వాదించుకున్నాం. "పొద్దుట్నుంచీ డ్రైవ్ చేసింది నేను" అని అతను. "బుకింగులన్నీ చేసింది నేను" అని నేను. మధ్యలో నాకో అర్జెంటు ఫోన్ కూడా వచ్చింది. అబద్ధమెందుకు, సిగ్నలే లేదు, చెవి దగ్గర పెట్టుకుని నటించానంతే. చివరికి మావాడన్నాడు, "ఇరవై డాలర్లిస్తే చేసేవాడు ఎవడో ఒకడు దొరకడా?" దొరకలేదు. పక్క వరసలో ఓ డెబ్భై ఏళ్ళ పెద్దాయన ఈల వేసుకుంటూ తన బండిది తనే ఖాళీ చేసుకుంటున్నాడు. అప్పుడు మా తొమ్మిదేళ్ళ వాడు అడిగాడు, "నాన్నా, ఇండియాలో తాతగారి అపార్ట్‌మెంట్‌లో ఇది ఎవరు చేస్తారు?"

నా దగ్గర జవాబుంది. కానీ చెప్పడానికి నోరు రాలేదు.

ఎవరు చేస్తారో మీకూ తెలుసు. ఈ పని మనుషులతో చేయించకూడదని 1993లో ఒక చట్టం, చాల్లేదని 2013లో ఇంకో చట్టం వచ్చాయి. అయినా సెప్టిక్ ట్యాంకుల్లో దిగి ఊపిరాడక చనిపోతున్న వాళ్ళ వార్తలు ఆగలేదు. వాళ్ళ కులాలేమిటో పేపర్లో రాయకపోయినా మనకి తెలుసు. కోలార్ బంగారు గనుల ఊళ్ళో ఆ పని చేసే కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్, దాన్ని ఆపించడానికే జీవితం పెట్టాడు. 2016లో మెగసెసే అవార్డొచ్చింది. మనవాడంటూ షేర్ చేసినవాళ్ళలో నేనూ ఉన్నాను. గొట్టం పట్టుకోవాల్సి వచ్చేసరికి ఫోను చెవిన పెట్టుకున్నవాణ్ణీ నేనే.

"డబ్బిచ్చి చేయించుకోవడంలో తప్పేముంది, డివిజన్ ఆఫ్ లేబర్ కదా" అనే మేధావులున్నారు. సరే. అదే రోజు దారిలో రెండుసార్లు పెట్రోల్ కొట్టించాం. అదీ గొట్టమే, అదీ వాసనే. పెట్రోల్ కూడా ఆరోగ్యానికి మంచిదేం కాదు. దానికి మాత్రం నేనంటే నేనని దిగాం. కాబట్టి ఇది ఎకనామిక్స్ కాదు బాబూ. పేరు పెట్టి చెప్పాలంటే కులం. సముద్రాలు దాటినా, గ్రీన్ కార్డొచ్చినా, మన లగేజీలో సోనా మసూరి పక్కనే సర్దుకుని తెచ్చుకున్నాం. సాంబారు తుడవడం ఆడవాళ్ళ పని, ట్యాంకు ఇంకెవడిదో పని. మరి మన పనేమిటి? స్టీరింగూ, కెమెరానా?

ఆఫీసులో మనమే లెక్చర్లిస్తాం. నువ్వు రాసిన కోడ్ ప్రొడక్షన్‌లో పడుకుంటే, రాత్రి రెండింటికైనా నువ్వే లేవాలి, సపోర్ట్ టీం మీదకి తోసెయ్యకూడదు అని. ఆ నీతి లాప్‌టాప్ మూత వేసేదాకేనా?

ఇంతకీ ఏమైందంటే, పెద్దాయన తన గ్లవ్స్ పెట్టెలోంచి ఓ జత తీసి నా చేతిలో పెట్టాడు. ఏమీ అనలేదు. నేను బిగించాను, మిత్రుడు వాల్వ్ తీశాడు. పన్నెండు నిమిషాలు. పిల్లలిద్దరూ పక్కన నిలబడి చూశారు. ఎవరం చచ్చిపోలేదు, మైలపడలేదు. ఆ రాత్రి మిగిలిన పులిహోర ఎలుగుబంట్లకి వాసన తగలకుండా బండి లోపల భద్రంగా పెట్టిందీ, బయట టేబుల్ తుడిచిందీ మగవాళ్ళమే. మర్నాడు పదిహేనో మైలు దాకా, అంటే సొంత బండిని అనుమతించేంత దూరం వెళ్ళాం. కొండ కనబడలేదు. కవర్ అవలేదు.

అడవికెళ్తే ఏమీ వదిలిపెట్టకుండా రమ్మంటారు. అది చెత్త గురించి చెప్పిన మాట. నేను మాత్రం ఒకటి అక్కడే వదిలేసి వద్దామని చూశాను, పూర్తిగా వదిలిందో లేదో ఇంకా తెలీదు. ఈసారి ఇండియా వెళ్ళినప్పుడు తాతగారి అపార్ట్‌మెంట్ అసోసియేషన్ మీటింగులో కూర్చుని, ట్యాంకు క్లీనింగ్ మెషీన్‌తోనే చేయించాలని, మనిషిని దింపకూడదని పట్టుబడతాను. మెషీన్‌కి ఎక్కువ ఖర్చవుతుందని ఎవరో ఒకరు అంటారు, నాకు తెలుసు. వాళ్ళకోసం ఓ జత గ్లవ్స్ కొని సూట్‌కేసులో పెట్టుకున్నాను.

మీ బండిలో గొట్టం ఎవరు పట్టుకున్నారు?