ఆ జిప్ ఫైలు విప్పకముందే ఆగండి

తిరుపతి, చిత్తూరుల్లోని డీటీపీ షాపులకు, నెట్ సెంటర్లకు, ప్రింటింగ్ ప్రెస్సులకు, ఇంట్లో పాత కంప్యూటరుతోనే నెట్టుకొస్తున్న కుటుంబాలకు ఇది హెచ్చరిక. ఊరూపేరూ లేని సైట్లలో, వాట్సాప్ గ్రూపుల్లో దొరికిన జిప్, రార్ ఫైళ్ల నుంచి సాఫ్ట్‌వేర్ ఎక్కించడం ఈరోజే మానండి.

ఈ ముప్పు మన ప్రాంతానికి కొత్త కాదు. 2017 మే 12న ప్రపంచాన్ని చుట్టేసిన వన్నాక్రై వైరస్ మరునాటికే రాష్ట్ర పోలీసుల కంప్యూటర్లలోకి చొరబడింది. దెబ్బతిన్న జిల్లాల్లో చిత్తూరు కూడా ఉంది. కొద్ది రోజులకే తిరుమల తిరుపతి దేవస్థానాల కార్యాలయ కంప్యూటర్లు కొన్ని దాని బారిన పడ్డాయి. ఫైళ్లకు తాళం వేసి, తీయాలంటే 300 డాలర్లు బిట్‌కాయిన్లలో కట్టమంది ఆ వైరస్. దాన్ని అడ్డుకునే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ అంతకు రెండు నెలల ముందే ఇచ్చింది. వేసుకున్నవారు బయటపడ్డారు, వేసుకోనివారు దొరికిపోయారు. వన్నాక్రై నెట్‌వర్క్ వెంట తనంతట తానే పాకింది. లైసెన్సు తాళం పగలగొట్టిన క్రాక్ సాఫ్ట్‌వేర్‌తో వచ్చే వైరస్‌నైతే మనమే వెతికి, డౌన్‌లోడ్ చేసి, చేతులారా ఇంట్లోకి తెచ్చుకుంటున్నాం.

పేజ్‌మేకర్, అను ఫాంట్లు అలవాటైన చోట పాత విండోస్‌ను వదలరు. పెళ్లి పత్రికల సీజన్లో పని ఆగకూడదన్న ఆరాటం అర్థం చేసుకోదగ్గదే. కానీ విండోస్ ఎక్స్‌పీకి 2014లో, విండోస్ 7కు 2020లో మైక్రోసాఫ్ట్ మద్దతు ఆగిపోయింది. విండోస్ 10కు కూడా 2025 అక్టోబరు 14తో మామూలు మద్దతు ముగిసింది. ఆ తర్వాత బయటపడే లోపాలకు ఆ యంత్రాలకు మామూలుగా మందు అందదు.

మోసం ఎలా జరుగుతుందో చూడండి. జిప్‌కు పాస్‌వర్డ్ పెడతారు, లోపల ఏముందో యాంటీవైరస్ చూడలేదు. ఆ పాస్‌వర్డ్‌ను పక్కనే ఇచ్చి, ‘ఇన్‌స్టాల్ చేసేముందు యాంటీవైరస్ ఆపేయండి’ అని రాస్తారు. ఆ మాట కనబడగానే ఫైలు డిలీట్ చేయండి. విండోస్ ఫైలు పేరు చివర ఉండే ఈఎక్స్‌ఈ అనే తోకను దాచేస్తుంది కాబట్టి, పీడీఎఫ్ అనుకుని నొక్కింది ప్రోగ్రామై కూర్చుంటుంది. కొన్ని వైరస్‌లు ఫైళ్లకు తాళం వేస్తాయి. మరికొన్ని చప్పుడు లేకుండా బ్రౌజరులో దాచుకున్న పాస్‌వర్డ్‌లను పట్టుకుపోతాయి. విన్‌రార్‌లోనే 2023లో పెద్ద లోపం బయటపడింది: జిప్ ఫైలు లోపలి బొమ్మ మీద నొక్కితే దాని చాటునున్న ప్రోగ్రాం నడిచేది. 6.23 వెర్షన్‌తో దాన్ని సరిచేశారు. కానీ విన్‌రార్ తనంతట తాను అప్‌డేట్ కాదు, కొత్తది మనమే వేసుకోవాలి.

షాపు కంప్యూటరులో ఉండేవి షాపు యజమాని ఫైళ్లు మాత్రమే కాదు. దర్శనం టికెట్టు కోసం వచ్చిన యాత్రికుడి ఆధార్, రైతు పాస్‌బుక్కు స్కాన్, విద్యార్థి మార్కుల జాబితా అందులోనే ఉంటాయి. మన మీద నమ్మకంతో ఇచ్చిన కాగితాలవి. వాటిని పోగొట్టే హక్కు మనకు లేదు.

సాఫ్ట్‌వేర్‌ను తయారుచేసినవారి సైటు నుంచే దించుకోండి. క్రాక్, దొంగ లైసెన్సు కీలు పుట్టించే కీజెన్ జోలికి పోకండి. ఫైళ్లు విప్పడానికి 7-జిప్, ఆఫీసు పనికి లిబ్రేఆఫీస్ ఉచితం. యూనికోడ్ తెలుగు ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా ఉన్నాయి. పాత యంత్రం తప్పనిసరైతే దానికి నెట్ కనెక్షన్ తీసేయండి, కొత్త కంప్యూటరులో స్కాన్ చేసిన పెన్‌డ్రైవే దానికి పెట్టండి. బ్యాకప్‌ను విడి హార్డ్‌డిస్క్‌లోకి తీసుకుని, పని కాగానే డిస్క్‌ను ఊడదీయండి.

ఇప్పటికే దెబ్బతింటే వెంటనే నెట్ కేబుల్ పీకండి, వైఫై ఆపండి. డబ్బు కట్టొద్దు, కట్టినా ఫైళ్లు తిరిగొస్తాయన్న హామీ లేదు. బ్యాంకు, మెయిల్ పాస్‌వర్డ్‌లను వేరే పరికరం నుంచి మార్చండి. సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు ఇవ్వండి. కొన్ని రకాల తాళాలకు నో మోర్ రాన్సమ్ సైటులో తాళంచెవులు ఉచితంగా దొరుకుతాయి.

ఈ జాగ్రత్తను షాపుల మీదే వదిలేయడం సరికాదు. జిల్లా యంత్రాంగాలు తమ కార్యాలయాల్లోని పాత విండోస్ యంత్రాలను లెక్కతీసి మార్చాలి. కాలేజీలు క్రాక్ సాఫ్ట్‌వేర్‌తో పాఠాలు చెప్పడం ఆపాలి. 2017లో అప్‌డేట్ చేతిలో ఉండీ వేసుకోక నష్టపోయాం. ఈసారి తెలియలేదని చెప్పడానికి ఎవరికీ వీల్లేదు.