రూట్ 66 మీద మనకేం పని?

వార్షికోత్సవ సంచిక అనగానే చదువు, క్రమశిక్షణ, పోటీ పరీక్షల మీద వ్యాసాలు రావడం ఆనవాయితీ. అవన్నీ అవసరమే. నేను మాత్రం ఈసారి ఒక ప్రయాణం గురించి రాస్తున్నాను. అమెరికాలో షికాగో నుంచి కాలిఫోర్నియాలోని శాంటా మోనికా దాకా పోయే రూట్ 66 అనే పాత రహదారి మీద మోటారు సైకిలుపై వెళ్లాలని ప్లాన్ వేసుకుంటున్నాను. ఈ మాట చెప్తే తోటివాళ్లు నవ్వారు. ఒక సీనియర్ అన్న మాత్రం సూటిగా అడిగాడు: "ఇంటి మీద రేకులు కారుతుంటే అమెరికాల బండేందిరా తమ్మీ?" ఆ ప్రశ్నలో న్యాయం ఉంది. అందుకే నవ్వినవాళ్లను వదిలేసి, ఆ అన్నకు జవాబు రాస్తున్నాను.

ముందు ఆ రోడ్డు సంగతి తెలుసుకుందాం. రూట్ 66 పుట్టింది 1926 నవంబరు 11న. ఎనిమిది రాష్ట్రాల గుండా దాదాపు 3,940 కిలోమీటర్లు. సినిమాల్లో, ప్రకటనల్లో చూసి అది డబ్బున్నవాళ్ల షికారు రోడ్డు అనుకుంటాం. నిజానికి 1930లలో కరువు, దుమ్ము తుఫానులు, బ్యాంకు అప్పులు కలిసి ఓక్లహామా చుట్టుపక్కల రైతులను ఊళ్లు విడిపించినప్పుడు, పాత కార్ల మీద పరుపులు, గిన్నెలు కట్టుకుని పిల్లాజెల్లాతో వలస పోయింది ఈ దారినే. జాన్ స్టైన్‌బెక్ 1939లో రాసిన 'ది గ్రేప్స్ ఆఫ్ రాత్' నవల వాళ్ల కథే. 1936లో లాస్ ఏంజెల్స్ పోలీసు అధికారి ఒకరు 136 మంది పోలీసులను కాలిఫోర్నియా సరిహద్దులకు పంపి, చేతిలో డబ్బు లేనివాళ్లను వెనక్కి తిప్పించాడు. పేదవాడిని రాష్ట్రంలోకి తీసుకురావడం నేరమనే చట్టం కూడా అక్కడ ఉండేది. 1941లో అమెరికా సుప్రీంకోర్టు 'ఎడ్వర్డ్స్ వర్సెస్ కాలిఫోర్నియా' కేసులో ఆ చట్టాన్ని కొట్టివేసింది. అంటే జేబులో డబ్బు లేనివాడు ఆ రోడ్డు మీద నడవడానికి కూడా కోర్టు తీర్పు కావలసి వచ్చింది.

నల్లజాతి వారి కష్టం ఇంకా పెద్దది. వాళ్లకు హోటల్లో గది ఇవ్వరు, భోజనం పెట్టరు. పొద్దు గుంకేలోగా పొలిమేర దాటాలనే ఊళ్లు ఉండేవి. అందుకే న్యూయార్క్ హార్లెమ్‌లో ఉంటూ పోస్ట్‌మ్యాన్‌గా పనిచేసిన విక్టర్ హ్యూగో గ్రీన్ 1936లో 'గ్రీన్ బుక్' మొదలుపెట్టాడు. ఏ ఊళ్లో ఎవరు గది ఇస్తారు, ఎక్కడ తినవచ్చు అని చెప్పే పుస్తకం అది. హోటళ్లలో వివక్షను నిషేధిస్తూ 1964లో పౌరహక్కుల చట్టం వచ్చేదాకా ఆ పుస్తకం అవసరం తీరలేదు. ఓక్లహామాలో లూథర్ అనే ఊరి దగ్గర, థ్రెట్ అనే నల్లజాతి కుటుంబం నడిపిన పెట్రోలు బంకు భవనం ఇప్పటికీ రూట్ 66 పక్కన ఉంది. నా ప్లానులో మొదట గుర్తు పెట్టుకున్న చోటు అదే.

బెస్సీ స్ట్రింగ్‌ఫీల్డ్ అనే నల్లజాతి మహిళ 1930, 40లలో ఒంటరిగా మోటారు సైకిలు మీద అమెరికా అంతా తిరిగింది. గది దొరకని రాత్రి పెట్రోలు బంకులో బండి మీదే పడుకునేదాన్నని చెప్పుకుంది. ఆమె చనిపోయిన తొమ్మిదేళ్లకు, 2002లో, అమెరికన్ మోటార్‌సైక్లిస్ట్ అసోసియేషన్ ఆమెను హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చింది.

ఇది ఎక్కడో అమెరికా కథ అనుకోకండి. 1934లో బాబాసాహెబ్ అంబేద్కర్ దాదాపు 30 మంది సహచరులతో ఎల్లోరా గుహలు, దౌలతాబాద్ కోట చూడటానికి బయలుదేరారు. అప్పుడది నిజాం రాజ్యం. దుమ్ము కొట్టుకుపోయిన ముఖాలు కోట చెరువులో కడుక్కున్నందుకు, చెరువు మైలపడిందని జనం తిట్లకు దిగారు. చివరికి నీళ్లు ముట్టకూడదన్న షరతు మీద, వెంట సాయుధ కాపలాతో, కోట చూడనిచ్చారు. ఈ సంగతి ఆయనే 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో రాశారు. గమనించండి, వాళ్లు వెళ్లింది సభకు కాదు, ఉద్యమానికి కాదు. చూసి రావడానికి. అందరిలాగా ఒక చోటు చూసి రావడం కూడా మనవాళ్లకు పోరాటమే అయింది.

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేను. మా నాన్న చాలా ఊళ్లు తిరిగాడు. అన్నీ కూలి కోసం, ఆసుపత్రి కోసం, నా అడ్మిషన్ కోసం. ఊరికే చూద్దామని ఒక్క ఊరికీ పోలేదు. అందుకే నేనంటాను, చూడటానికి వెళ్లడం విలాసం కాదు, చదువు లాగే మనకు రావలసిన వాటా.

అయితే వాటా అడిగేవాడికి లెక్క తెలియాలి. నా లాంగ్ నోట్‌బుక్‌లో లెక్క ఇలా ఉంది. రోజుకు 220 కిలోమీటర్ల చొప్పున 18 రోజులు. 1985లో ఈ రోడ్డును అధికారిక జాబితా నుంచి తీసేశారు. పాత దారి చాలాచోట్ల మిగిలినా మధ్యమధ్య తెగిపోతుంది, కొత్త హైవే ఎక్కి దిగాలి. అందుకే రోజుకు అంతకంటే ఎక్కువ పెట్టుకోకూడదు. జూలైలో మొహావీ ఎడారిలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. చలికాలంలో సుమారు 2,100 మీటర్ల ఎత్తులో ఉన్న ఫ్లాగ్‌స్టాఫ్‌లో మంచు పడుతుంది. కాబట్టి మే నెల గానీ, సెప్టెంబరు గానీ మేలు. అక్కడ కుడివైపు నడపాలి. గేరు బండి లైసెన్సు, దానిపై ఆర్టీఓ ఆఫీసులో ఏడాది చెల్లే ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తీసుకోవాలి. ఆ పర్మిట్ ముందే తీసుకుంటే గడువు వృథా అవుతుంది. పెద్ద బండి అద్దె రోజుకు వంద డాలర్లు దాటుతుంది. విమానం, గదులు, తిండి, ఇన్సూరెన్సు కలిపి ఆరు లక్షలకు తగ్గదని నా అంచనా. నెలకు 8 వేలు దాచితే ఆరేళ్ల మూడు నెలలు.

వీసా సంగతి మరీ ముఖ్యం. టూరిస్టు వీసా అడిగేవాడు తిరిగి వస్తానని తానే నమ్మించాలి. లేదంటే అక్కడే ఉండిపోవడానికి వచ్చాడని వాళ్ల చట్టం భావిస్తుంది. తిరస్కరిస్తే కట్టిన ఫీజు వెనక్కి రాదు. కనుక ఉద్యోగం, సెలవు పత్రం, బ్యాంకులో సొంత పొదుపు ముందు ఉండాలి. అన్నా, మీ ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. ఉద్యోగం వచ్చాక జీతంలో మొదటి భాగం ఇంటి పైకప్పుకు, రెండోది చెల్లి ఫీజుకు. మిగిలిన దాంట్లోంచే ఆ 8 వేలు. అప్పు చేసి వెళ్లే ప్రసక్తే లేదు. ఆరేళ్లు కాస్తా తొమ్మిదేళ్లయినా సరే.

ఈ నోట్‌బుక్‌లో రూట్ 66 కంటే ముందు ఒక పేజీ ఉంది. మొదటి జీతాల్లోంచి అమ్మానాన్నలను రైల్లో తీసుకెళ్లి ఎల్లోరా, దౌలతాబాద్ చూపించాలి. ఆ తర్వాత హైదరాబాద్ నుంచి శ్రీశైలం బండి మీద పోయి రావాలి. ఒక్కవైపు దూరం ఇంచుమించు 220 కిలోమీటర్లే కాబట్టి ఒళ్లు ఎంత ఓర్చుకుంటుందో తెలుస్తుంది.

తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక మనవి. మీకు బండి మీద మోజు లేకపోవచ్చు. మీ దారి గయ కావచ్చు, లండన్ కావచ్చు. ఏదైనా ఒక చోటు రాసుకుని, దూరం, ఖర్చు, కాగితాలు లెక్క కట్టండి. పూర్వ విద్యార్థులైన అన్నలకు, అక్కలకు ఇంకొక మనవి. హాస్టల్ స్టడీ హాల్లో ఒక ప్రపంచ పటం పెట్టించండి. ఫైనల్ ఇయర్ పిల్లల చేత పాస్‌పోర్టుకు దరఖాస్తు చేయించండి, ఫీజు 1,500 రూపాయలు కట్టలేనివాళ్లకు సాయపడండి. "మనకేం పని" అనే మాట మన తర్వాతి బ్యాచ్ నోట రాకుండా చూసే బాధ్యత మనందరిదీ.