నీడ దొరకని మధ్యాహ్నం

పిల్లలూ! మే నెల నడిమి రోజుల్లో నరసన్నపేటలో ఒక కర్రను నిటారుగా పాతి, గడియారం పన్నెండు కొట్టటానికి పది నిమిషాల ముందు చూడండి. దాని నీడ దాదాపు కనిపించదు! ఆ ఊరు భూమధ్యరేఖకు ఉత్తరాన సుమారు 18.4 డిగ్రీల మీద ఉన్నది. అందుచేత ఏడాదికి రెండుసార్లు, మే నడుమ ఒకసారీ జూలై చివర ఒకసారీ, సూర్యుడు సరిగా నడినెత్తికి వస్తాడు. జూలైలో మబ్బులు అడ్డం రావచ్చు గనక మే నెలే నమ్మకం.

దీన్నిబట్టి ఏం తెలుస్తున్నది? వేసవి మధ్యాహ్నపు ఎండ గోడలమీద కాదు, ఇంటి కప్పుమీద పడుతుంది. కనక మన వైపు ఇల్లు కట్టేవాడు ముందు కప్పు సంగతి చూసుకోవాలి.

ఉత్తర కోస్తాలో చుట్టిళ్ళు కట్టిన పాతకాలపు వాళ్ళకు ఇది బాగా తెలుసు. గుండ్రని మట్టిగోడ, దానిమీద గొడుగులాగా తాటాకు కప్పు. కమ్మల సందుల్లో గాలి చిక్కుకుని ఉంటుంది. కదలని గాలిగుండా వేడి త్వరగా పోలేదు. చలికాలంలో కంబళి చేసే పని కూడా ఇదే. అది మన ఒంటి వేడిని బయటికి పోనివ్వదు, తాటాకు ఎండవేడిని లోపలికి రానివ్వదు. చూరు ఎంత కిందికి ఉంటుందంటే, పెద్దవాళ్ళు వంగి లోపలికి పోవాలి. పొద్దుటి ఎండా, సాయంకాలపు ఎండా ఏటవాలుగా వచ్చి గోడకు తగలకుండా ఆ చూరే అడ్డుకుంటుంది. వానకు మట్టిగోడ కరగకుండా కాపాడేదీ అదే. గోడ గుండ్రంగా ఉన్నందున గాలి దాన్ని రాసుకుంటూ పక్కలకు పోతుంది.

మరి ఇంత మంచి ఇళ్ళు ఎందుకు తగ్గిపోయాయి? తాటాకు నిప్పుకు చుట్టం. ఒక ఇల్లు అంటుకుంటే వీధి వీధంతా బూడిద కావచ్చు. పైగా తుఫానులు! 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు గంటకు 140 కిలోమీటర్ల వేగంతో గాలి వీచింది. అటువంటి గాలికి గోడ నిలిచినా కప్పు నిలవటం కష్టం. ఇంటిల్లిపాదీ ప్రాణాలు దక్కాలని శ్లాబు ఇల్లు కోరుకోవటం తప్పని ఎవరనగలరు?

అయితే శ్లాబు పగలల్లా ఎండను తాగుతుంది. రాత్రి ఆ వేడిని మెల్లిగా కింద పడుకున్నవాళ్ళమీదికి వదులుతుంది. దీనికి ఒక చౌక ఉపాయం ఉన్నది: కప్పుమీద తెల్లగా సున్నం కొట్టటం. తెలుపు చాలా ఎండను వెనక్కు తిప్పికొడుతుంది. ఇలాంటి చల్లని కప్పులకోసం తెలంగాణ ప్రభుత్వం 2023లో ఒక విధానమే ప్రకటించింది.

సున్నం ఒక్కటే చాలదు. సముద్రతీరపు గాలిలో తేమ ఎక్కువ. చెమట త్వరగా ఆరదు. అందుకని ఎదురెదురుగా కిటికీలు పెట్టి, సముద్రపు గాలి ఇంట్లోగుండా పోయేటట్టు చూడాలి. ఉన్న కిటికీకి అడ్డంగా బీరువా పెట్టే పెద్దలకు ఈ సంగతి మీరే చెప్పండి.

ఇప్పుడొక పని చెయ్యండి. ఒకే రకం రేకు డబ్బాలు మూడు తీసుకుని, ఒకదానికి మసి పూయండి, ఇంకొకదానికి సున్నం పూయండి, మూడోదాన్ని తాటాకు ముక్కలతో దట్టంగా కప్పండి. మూడింటిలోనూ సమంగా నీళ్ళు పోసి, మూతలు పెట్టి, గంటసేపు ఎండలో ఉంచండి. తరవాత నీళ్ళలో వేలు ముంచి చూసి, ఏది ఎంత వేడెక్కిందో పలకమీద రాసుకోండి.