నిద్రలోనూ ఊపిరి హక్కే

మనం నిద్రపోతే ఊపిరి దానంతటదే ఆడుతుంది. పుట్టుకతో సెంట్రల్ హైపోవెంటిలేషన్ సిండ్రోమ్ ఉన్నవారికి అలా కాదు. నిద్రలో రక్తంలో కార్బన్ డై ఆక్సైడ్ పెరిగినా మెదడు హెచ్చరించదు. జీవితాంతం వెంటిలేటర్ పెట్టుకునే పడుకోవాలి. ఫాక్స్‌2బి జన్యువులో మార్పే కారణమని 2003లో తేలింది. చాలామందిలో అది తల్లిదండ్రులకు లేని కొత్త మార్పు. కనుక తల్లిని నిందించడం అన్యాయం.

పగలు వీరిలో చాలామంది మనలాగే చదువుకోగలరు. మరి అలాంటి తమ్ముడు మన హాస్టల్‌కు వస్తే? రాత్రి కరెంటు పోతే? "మా వల్ల కాదు" అని పంపేయడం తేలిక. మిషనుకు బ్యాటరీ, అలారం, రాత్రంతా మేలుకుని చూసే శిక్షణ పొందిన మనిషి కావాలి. ఆ ఖర్చు ప్రభుత్వం భరించాలని మేము కోరుతున్నాం. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో తలసేమియా ఉంది, దీని పేరు లేదు. చేర్చాలి.

తలదాచుకునే చోటు లేక చదువు ఆగిపోవడమంటే ఏమిటో మనకు ఒకరు చెప్పాలా?