ఇంటింటి ముచ్చట: ఒకసారికి ఒక్క మార్పు



వేసవి సెలవులు దగ్గరపడుతున్నాయంటే పిల్లలకు ఏ పని చూపించాలా అని ప్రతి తల్లీ తండ్రీ ఆలోచిస్తారు. ఈ నెల మేము ఒక బొమ్మకారు సంగతి వ్రాస్తున్నాము. బొమ్మకారుకు ఈ పేజీలో చోటెందుకని అనుకోకండి. దాన్ని బిగించే పనిలో ఒక తండ్రికీ కొడుకుకూ మధ్య ఏమి జరిగిందో మేము పక్కనుండి చూశాము గనుక చెబుతున్నాము.

మేమెరిగిన ఆ కుటుంబం కోనసీమలో ఒక పల్లెలో ఉంటుంది. ఇంటాయన కువైట్‌లో డ్రైవరు. రెండేళ్ళకొకసారి 40 రోజుల సెలవు మీద వస్తాడు. అబ్బాయికి 13 ఏళ్ళు. ఫోనులో తండ్రి ముఖం కనబడగానే "బాగున్నాను నాన్నా" అని ఫోను తల్లి చేతికిచ్చేస్తాడు. తండ్రి ఎదుట ఉన్నా అంతే. "వీడు నన్ను చుట్టాన్ని చూసినట్టు చూస్తున్నాడండీ మాస్టారూ" అని ఆయన మాతో అన్నాడు.

ఆ వేసవిలో ఆయన తన పెట్టెలోనుండి రేసింగ్ బగ్గీ కిట్టు ఒకటి తీశాడు. బగ్గీ అంటే మట్టిలోను ఇసుకలోను ఎగురుతూ పరుగెత్తే కారు. ఇది అసలు కారులో పదోవంతు కొలత. చేతిలోని రిమోటుతో నడుస్తుంది. అయితే అట్టపెట్టె తెరిస్తే కారు లేదు. ప్లాస్టిక్ ముక్కలు, చిన్న చిన్న సంచులలో స్క్రూలు, బేరింగులు, పళ్ళచక్రాలు, బొమ్మలతో నిండిన ఒక పుస్తకం ఉన్నాయి. "డబ్బులిచ్చి ముక్కలు కొనుక్కొచ్చావేంట్రా?" అని తాతగారు నవ్వారు.

ఈ ముక్కల కార్లకు చరిత్ర ఉంది. జపానులోని షిజువోకాలో 1946లో టామియా కంపెనీ ఒక కోతమిల్లుగా మొదలైంది. మన రాజమండ్రి కలప అడితీలలో చేసే వ్యాపారం వంటిదే అది. తరువాత వారు చెక్కతోను, ఆపైన ప్లాస్టిక్‌తోను నమూనా బొమ్మలు చేశారు. 1976లో రిమోటుతో నడిచే కారును, 1979లో బగ్గీలను తెచ్చారు. 1984లో వచ్చిన వారి 'హార్నెట్', అంటే కందిరీగ, ఎన్నో దేశాల పిల్లల చేత స్క్రూడ్రైవరు పట్టించింది. అదే ఏడు అమెరికాలో టీమ్ అసోసియేటెడ్ వారు అల్యూమినియం చట్రంతో ఆర్‌సి10 అనే బగ్గీని పందేలకోసమే తెచ్చారు. ఇటువంటి కార్లలో విరిగిన ముక్కను మార్చుకోవచ్చు. కుదరని కొలతను సరిదిద్దుకోవచ్చు. అదే వాటి గొప్ప.

తండ్రీ కొడుకులు అరుగు మీద దుప్పటి పరిచి కూర్చున్నారు. స్క్రూలు కలిసిపోకుండా ఇంటావిడ ఇడ్లీ రేకులు ఇచ్చి, "తోమి ఇవ్వాలి సుమా" అన్నది. ప్లాస్టిక్‌లోకి స్క్రూ ఎక్కించేటప్పుడు మొదట కొద్దిగా వెనక్కి తిప్పి, గాడి దొరికాక ముందుకు తిప్పాలి. బిగిసిందనగానే ఆపాలి. ఇంకా బలం చూపిస్తే లోపలి మర అరిగిపోతుంది.

వెనుక చక్రాల మధ్య డిఫరెన్షియల్ వచ్చేసరికి తాతగారు కూడా దుప్పటి మీదికి చేరారు. మలుపులో బయటి చక్రం లోపలి చక్రంకంటె ఎక్కువ దూరం పోవాలి. ఎద్దుబండి చక్రాలు దేనికది తిరుగుతాయి గనుక చిక్కు లేదు. ఇక్కడ ఒకే మోటారు రెండు చక్రాలనూ తిప్పుతుంది. అందుకే ఆ పళ్ళచక్రాల పెట్టె. తాతగారు చిటికెనవేలితో గ్రీజు పూస్తూ, "కందెన ఎక్కువైనా చేటేరా" అన్నారు.

షాకబ్జర్లలో సిలికాన్ నూనె పోసి, పిస్టనును మెల్లగా పైకీ కిందికీ ఆడించి, బుడగలన్నీ పైకి వచ్చేదాకా ఆగాలి. లోపల గాలి మిగిలితే నాలుగూ నాలుగు రకాలుగా పనిచేస్తాయి. వారు అరగంట ఊరికే కూర్చున్నారు. ఆ అరగంటలోనే అబ్బాయి మొదటిసారి తనంతట తాను నోరు విప్పాడు. "కువైట్ ఇసుకలో కార్లు ఇలాగే ఎగురుతాయా నాన్నా?"

ఇంతవరకు బాగానే జరిగింది. తప్పు తరువాత పేజీలో జరిగింది.

ముందు చక్రాలను తిప్పే చిన్న యంత్రాన్ని సర్వో అంటారు. దానికి ఒక చిన్న చేయి బిగించాలి. ముందు బ్యాటరీ తగిలించి, రిమోటు వేసి, సర్వో సరిగా నడిమికి వచ్చాకనే ఆ చేయి బిగించమని పుస్తకంలో ఉంది. అబ్బాయి ఆ బొమ్మ మీద వేలు పెట్టి చూపించాడు. తండ్రికి ఆ రోజు తొందర. "పదిహేనేళ్ళనుండి బండ్లు తోలుతున్నాను, నాకు తెలీదేంట్రా?" అని అలాగే బిగించేశాడు. అబ్బాయి మరి మాట్లాడలేదు.

దాళ్వా కోతలైన చేలో, వరి మోళ్ళు లేని చోట కారును వదిలారు. అది ఎడమకు లాగింది. రిమోటు మీద ట్రిమ్ తిప్పితే తిన్నగా పోయింది గాని, ఎడమకు గిర్రున, కుడికి సగమే తిరిగింది. తండ్రి స్టీరింగు కడ్డీల పొడవు మార్చాడు. టైర్లు మార్చాడు. స్ప్రింగులు బిగించాడు. చీకటి పడేవేళకు కారు తిన్నగా పోవడం కూడా మానేసింది. అబ్బాయి దానిని గట్టు మీద వదిలేసి ఇంటికి వెళ్ళిపోయాడు. సెలవు ఇక 16 రోజులే ఉంది.

ఆ రాత్రి ఆయన దీపం దగ్గర పుస్తకం మొదటినుండి తిరగేశాడని ఇంటావిడ మాతో చెప్పింది. తెల్లవారి కొడుకును లేపి, "ఒరేయ్ నాన్నా, లే. నువ్వు చూపించిందే నిజం, నేనే వినలేదు. ఈసారి నువ్వు బిగించు" అన్నాడట. బిగించినదంతా విప్పి, సర్వోను నడిమికి తెచ్చి, చేయి తిరిగి పెట్టడానికి గంట కూడా పట్టలేదు. కారు రెండు వైపులా సమానంగా తిరిగింది.

ఆనాటినుండి వారు ఒక నియమం పెట్టుకున్నారు: ఒకసారికి ఒక్క మార్పు. మార్చినది, మార్చాక కారు చేసినది, నోటుపుస్తకంలో వ్రాయాలి. ఎండుమట్టిలో వేగం అందుకుంటే తోక జారిపోయేది. వెనుక స్ప్రింగులు మాత్రం మెత్తనివి వేశారు, పట్టు దొరికింది. మోటారు వేలు పెట్టలేనంతగా కాలుతుంటే, మోటారు మీది చిన్న పళ్ళచక్రాన్ని పళ్ళు తక్కువున్నదానితో మార్చారు. రెండు పళ్ళచక్రాల మధ్య సన్నని కాగితం ముక్క పెట్టి, జరిపి, బిగించి, కాగితం లాగేశారు. అంతే సందు చాలు. కొబ్బరితోటలో నడిపిన రోజు పీచు ఇరుసుకు చుట్టుకుని కారు ఆగిపోయింది. "తోటలో నడిపితే ప్రతిసారీ ఇరుసు చూడాలి" అని అబ్బాయి వ్రాసుకున్నాడు. మూడు మార్పులు ఒకేసారి చేస్తే, బాగుపడినా ఎందుకు బాగుపడిందో తెలియదు, చెడినా తెలియదు.

ఇళ్ళలో కూడా మనము చేసేది ఇదే కాదా? పిల్లవాడు దారి తప్పుతున్నాడనిపిస్తే బడి మారుస్తాము, స్నేహితులను మానిపిస్తాము, ఆటలు ఆపేస్తాము, అన్నీ ఒకే రోజున. అసలు తప్పు ఎప్పుడో మనము వినకుండా దాటేసిన ఒక చిన్న మాటలో ఉండవచ్చు. వెనక్కి వెళ్ళి విప్పడానికి పెద్దవారికి కావలసింది తెలివి కాదు, "నేనే వినలేదు" అనగల మనసు.

ఇటువంటి కారు మీ ఇంటికి వస్తే కొన్ని జాగ్రత్తలు. రిమోటు ముందు వేయండి, కారు తరువాత. ఆపేటప్పుడు కారు ముందు. వేడెక్కిన బ్యాటరీని చల్లారనిచ్చి ఛార్జింగు పెట్టండి, పెట్టి ఇల్లు విడిచి వెళ్ళకండి. ఉబ్బిన లిథియం బ్యాటరీని ఎంతమాత్రం వాడవద్దు. రోడ్డు మీద, కాలువగట్టు మీద నడపనివ్వకండి. కిట్టు కొనే స్తోమత లేదా? పాత సైకిలు ఒకటి విప్పి బిగించండి. ఆ నియమం దానికీ పనిచేస్తుంది.

ఆయన తిరిగి కువైట్ వెళ్ళాడు. ఇప్పుడు అబ్బాయి నోటుపుస్తకంలోని పేజీని ఫోటో తీసి పంపుతున్నాడు. "వెనుక స్ప్రింగు ఏది వేశావురా?" అని తండ్రి అడుగుతున్నాడు. ఫోను తల్లి చేతికి ఆలస్యంగా అందుతున్నదని ఆమె మాతో ఫిర్యాదు చేసింది, నవ్వుతూనే.

వచ్చే నెల మళ్ళీ కలుసుకుందాము.